నిలబడ్డవాడి పేరేమిటి?

యుద్ధం వద్దని కొవ్వొత్తి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడటంలో మాటలుండవు. అదే దాని బలం అంటారు శాంతి ఉద్యమాల్లో పనిచేసే మిత్రులు. ఉపన్యాసం లేదు కాబట్టి నోరుజారడం ఉండదు. నినాదం లేదు కాబట్టి లాఠీకి సాకు దొరకదు. గంటసేపు మనిషి ఊరికే నిలబడతాడు, దారినపోయేవాడు చూస్తాడు. బాగానే ఉంది. కానీ మాట లేనప్పుడు ఆ దారినపోయేవాడు దేన్ని చదువుకుంటాడు? నిలబడ్డ ఒంటిని చదువుకుంటాడు. గడ్డాన్ని, టోపీని, బురఖాని చదువుకుంటాడు. అవేవీ లేకపోతే పక్కనున్నవాడు పిలిచే పేరు చెవిన పడేదాకా ఆగుతాడు. పేరు వినబడ్డాక ఆ కొవ్వొత్తి అర్థమే మారిపోతుంది.

శ్రీనివాస్ నిలబడితే శాంతికాముకుడు. మహా అయితే పనిలేనివాడు. సలీం నిలబడితే రెండే అర్థాలు. చచ్చినవాళ్లు ముస్లింలైతే 'వాళ్లవాళ్ల కోసం వచ్చిండు'. చంపినవాళ్లు ముస్లింలైతే 'పర్లేదు, మంచి ముస్లిం'. మనుషులు చచ్చిపోతుంటే తట్టుకోలేక వచ్చాడన్న మూడో అర్థం ఒకటుందని, అది శ్రీనివాస్‌కి అడక్కుండానే దొరుకుతోందని, సలీంకి అడిగినా దొరకడం లేదని గమనించినవాళ్లు తక్కువ. మౌనం అందరికీ ఒకటే అనుకుంటాం. కాదు. నోరు తెరిచే హక్కు ఉన్నవాడు మూసుకుంటే అది నిరసన. ఎప్పుడూ మూసుకునే ఉండమని చెప్పించుకున్నవాడు మూసుకుంటే అది మామూలు.

అయితే అసలు ఎవరి చావుకి ఎవరు నిలబడాలి? ఈ ప్రశ్నని నేను కొంచెం దూరం నుంచి మొదలుపెడతాను, దగ్గరి విషయాలు చూడటానికి దూరం అవసరమవుతుంది కనక.

1987 డిసెంబరులో పాలస్తీనా ప్రజల మొదటి ఇంతిఫాదా మొదలైంది. నెల తిరక్కుండానే, 1988 జనవరిలో, జెరూసలెంలో కొందరు ఇజ్రాయెలీ స్త్రీలు నల్లబట్టలు కట్టుకుని ఒక కూడలిలో నిలబడ్డారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు. చేతుల్లో నల్లని అరచెయ్యి ఆకారంలో అట్టలు, వాటి మీద ఆక్రమణ ఆపమన్న ఒక్క ముక్క. వాళ్లు యూదు స్త్రీలు. వాళ్ల అన్నదమ్ములో కొడుకులో సైన్యంలో ఉన్నవాళ్లే. కార్లలో పోయేవాళ్లు అద్దాలు దించి ద్రోహులన్నారు, వేశ్యలన్నారు. స్త్రీ బయటికొచ్చి నిలబడితే ఏ దేశంలోనైనా మొదట వచ్చే తిట్టు ఏదో మన ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాళ్లు బదులు చెప్పలేదు. గంట కాగానే అట్టలు సర్దుకుని ఇంటికెళ్లారు. మళ్లీ శుక్రవారం వచ్చారు.

అక్కణ్ణుంచి ఆ నల్లబట్టలు బెల్‌గ్రేడ్ వెళ్లాయి. యుగోస్లావియా ముక్కలవుతున్న రోజులు. 1991 అక్టోబరు 9న సెర్బు స్త్రీలు నగరంలో మొదటిసారి నిలబడ్డారు. తర్వాత ప్రతి బుధవారం నగరం నడిబొడ్డున రిపబ్లిక్ కూడలిలో నిలబడ్డారు. సైన్యంలో చేరం అన్న కుర్రాళ్లకి అండగా ఉన్నారు. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు సైన్యం ఎనిమిదివేల మందికి పైగా ముస్లిం మగవాళ్లని, పిల్లల్ని ఏరి చంపింది. ఆ ఊచకోత జరగలేదనీ, జరిగినా అంతమంది కాదనీ, అంతమందైనా వాళ్లకి తగినశాస్తేననీ - ఈ మూడు మాటలు ఒకే నోటితో అనగలిగినవాళ్లు బెల్‌గ్రేడ్‌లో చాలామంది ఉన్నారు. వాళ్ల మధ్యన, ఏటా జులై 10న, ఈ స్త్రీలు చచ్చిపోయిన ముస్లింల కోసం నల్లబట్టలతో నిలబడుతూ వచ్చారు. 2010లో నగరం నడివీధిలో జోళ్లు పరిచారు. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక జత చొప్పున పోగుచేద్దామని పిలుపిచ్చి, జనం దగ్గర అడిగి తెచ్చిన జోళ్లు. జుమ్మా రోజు మసీదు గడప బయట వరసగా విడిచిన చెప్పులు చూస్తూ పెరిగినవాడికి ఆ వీధి ఎలా కనబడుతుందో ఊహించుకోండి. లోపలికి వెళ్లినవాళ్లు నమాజు ముగించుకుని బయటికి రాని మసీదులా ఉంటుంది.

ఈ రెండు ఊళ్ల స్త్రీల దగ్గర నాకు అర్థమైంది ఒకటుంది. మనవాళ్లు చచ్చిపోతే ఏడవటానికి నీతి అక్కర్లేదు, రక్తం చాలు. పశువులకి కూడా ఆ ఏడుపు ఉంది. పరాయివాడు చచ్చిపోతే జాలిపడటానికి కొంచెం నీతి చాలు, పెద్ద ఖర్చు లేదు. కానీ నా పేరు మీద, నా రక్షణ కోసమని చెప్పి, నా పన్ను డబ్బుతో, ఎవడో పరాయివాణ్ణి చంపినప్పుడు వాడి కోసం మా వీధిలో, మావాళ్ల కళ్లముందు నిలబడటం - దానికి ఖర్చుంది. శాంతి కోసం నిలబడటమన్నది అసలైన అర్థంలో అక్కడే మొదలవుతుంది. మిగతాదంతా సంతాప సభ. సంతాప సభలు తప్పని కాదు. రెండూ ఒకటి కాదంటున్నాను.

ఇప్పుడు మన ఇంటికొద్దాం.

లౌకిక మిత్రుడొకాయన ఒకసారి నాతో అన్నాడు: "బెల్‌గ్రేడ్ స్త్రీలు చేసింది మీరెందుకు చెయ్యరు? ఇస్లాం పేరు మీద ఎవడో బాంబు పెడితే ముందు మీరే కదా రోడ్డు మీదికి రావాలి?" మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఇలాంటివన్నీ మంచి ఉద్దేశంతోనే అంటారు.

మొదటి జవాబు, వస్తూనే ఉన్నాం. 2008 ఫిబ్రవరిలో దేవ్‌బంద్‌లో వేలమంది ఉలేమాలు కూడి ఉగ్రవాదం ఇస్లాంకి విరుద్ధమని ప్రకటించారు. ఆ ఏడాది నవంబరులో బొంబాయి దాడి జరిగాక, చచ్చిన తొమ్మిదిమంది దుండగుల్ని మా బడా ఖబరస్తాన్‌లో పూడ్చనివ్వమని అక్కడి మసీదు ట్రస్టు తెగేసి చెప్పింది. శవానికి మట్టి ఇవ్వడం మా దగ్గర ఫర్జ్. బస్తీ మొత్తం మీద ఒక్కడైనా ఆ పని చెయ్యకపోతే అందరికీ పాపం చుట్టుకుంటుందని చిన్నప్పుడే చెబుతారు. ఆ మట్టినే కాదన్నారు. ఏడాదికి పైగా ఆ శవాలు మార్చురీలో ఉన్నాయి. అంతకంటే పెద్ద నిరసన ఏ సమాజం చేసిందో నాకు తెలీదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఇరవై ఆరుగురిని చంపారు. పేరు, మతం అడిగి మరీ చంపారు. అడ్డుపడబోయిన గుర్రపు కూలీ, స్థానికుడైన ముస్లిం, ఆ ఇరవై ఆరుగురిలో ఒకడు. మర్నాడు కాశ్మీరు లోయ మొత్తం తనంతట తాను బంద్ పాటించింది. సాయంత్రం ఊరూరా కొవ్వొత్తులు పట్టుకున్నారు. ఆ శుక్రవారం మన హైదరాబాదులో నమాజుకి వెళ్లేవాళ్లు చేతికి నల్లరిబ్బన్ కట్టుకోవాలని పిలుపొచ్చింది, కట్టుకున్నారు.

అయినా ఆ ప్రశ్న ఆగదు. ఎందుకు ఆగదంటే అది ప్రశ్న కాదు. రైల్లో టిక్కెట్ల తనిఖీ లాంటిది. ఇంతకుముందు స్టేషన్లో చూపించానంటే వినరు. ప్రతి స్టేషన్లో చూపించాలి. ఆ తనిఖీలో నిలబడేసరికి కొవ్వొత్తి కాస్తా గుర్తింపు కార్డవుతుంది. నిజంగా కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చినవాడు కూడా చూపించడానికి వచ్చినవాడిలా కనబడతాడు. ఆ నల్లరిబ్బన్ రోజు మసీదు మెట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. "ఫొటో తీసి పెట్టుకో రా, ఆఫీసులో చూపియ్యొచ్చు" అంటున్నాడొకడు. రెండోవాడు జవాబివ్వలేదు. వాడు ఏడ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరి చేతులకీ ఒకే రిబ్బన్. ఏది దుఃఖం, ఏది రుజువు అని బయటివాడు ఎలా తేలుస్తాడు? తేల్చలేడు. తేల్చే అధికారం తనకుందనుకోవడమే అసలు అన్యాయం.

రెండో జవాబు అసలైనది. 'మన పేరు మీద' అన్న మాటకి అర్థం ఏమిటి? బెల్‌గ్రేడ్ స్త్రీలకి సెర్బియా ప్రభుత్వంతో ఒక లెక్క ఉంది. ఓటు వారిది, పన్ను వారిది, బోస్నియాలో సెర్బు సైన్యానికి వెనకనుంచి ఊపిరి పోసిన ప్రభుత్వం వారిది. అందుకని జవాబుదారీతనం ఉంది. పహల్గాంలో తుపాకీ పట్టుకున్నవాడికి నేను ఓటెయ్యలేదు, పన్ను కట్టలేదు, నా పేరు వాడుకోమని చెప్పలేదు. వాడు నా పేరు దొంగిలించాడు. దొంగిలించబడ్డ పేరు నాది కాదని చెప్పే హక్కు నాకుంది, చెబుతాను కూడా. కానీ నా జేబు కొట్టినవాడి తరఫున నేను క్షమాపణ చెప్పాలంటే ఎలా?

మరి నిజంగా నా పేరు మీద నడిచేది ఏది? ఈ దేశ ప్రభుత్వం. ఓటు నాది, పన్ను నాది. 1998 మే 11న, 13న పోఖ్రాన్‌లో అణుబాంబులు పేలినప్పుడు అవి నా పేరు మీద కూడా పేలాయి. అదే నెలాఖరున చాగైలో పేలినవి నా పేరు మీద పేలలేదు. నీతి ప్రకారం చూస్తే నేను మొదట నిలబడాల్సింది పోఖ్రాన్‌కి ఎదురుగా, తర్వాతే చాగైకి. కానీ ఆ రోజుల్లో ఒక ముస్లిం చౌరస్తాలో నిలబడి పోఖ్రాన్ తప్పు అంటే ఏమవుతుందో మన పత్రికలు చదివిన ఎవరికైనా తెలుసు. అరుంధతీ రాయ్ ఆ ఏడాదే బాంబుకి వ్యతిరేకంగా రాసింది. ఆమెని తిట్టారు. కానీ 'నీ దేశానికి పో' అనడానికి ఆమెకి వేరే దేశం లేదు. మాకు ఒకటి కేటాయించి పెట్టారు.

ముడి ఇక్కడుంది. నా పేరుని దొంగిలించినవాళ్లు చేసినదానికి నేను రోజూ జవాబు చెప్పాలి. నిజంగా నా పేరు మీద జరిగేదానికి మాత్రం జవాబు చెప్పబోతే నోరుమూస్తారు. బెల్‌గ్రేడ్ స్త్రీలా నిలబడమంటారు, నిలబడాల్సిన కూడలిలోకి మాత్రం రానివ్వరు. ఈ దేశంలో శాంతి ఉద్యమం పెరగకపోవడానికి ముస్లింలు రాకపోవడం ఒక కారణమని వాపోయే మిత్రులు ఈ ముడి గురించి కొంచెం ఆలోచించాలి.

1999 వేసవిలో కార్గిల్ కొండల మీద కుర్రాళ్లు చచ్చిపోతున్నారు. అప్పుడే ఇంగ్లండులో ప్రపంచ కప్పు. జూన్ 8న మాంచెస్టర్‌లో ఇండియా-పాకిస్తాన్ ఆట. మా బస్తీలో ఆ రోజు టీవీల గొంతు తగ్గించి పెట్టుకున్నారు. ఇండియా గెలిచింది. మా పక్కింటి ఖాలా అందరికంటే ముందు చిచ్చుబుడ్డి వెలిగించింది. ఆమెకి క్రికెట్ తెలీదు. ఎందుకు వెలిగించావంటే, "పిల్లలు బడికి పోవాల గదా బేటా" అంది. యుద్ధం వద్దనే మాట ఆ చిచ్చుబుడ్డిలో ఎక్కడో ఉంది. కానీ అది బయటికి యుద్ధానికి జేజేలు కొట్టినట్టే కనబడుతుంది. పీడితుడి నోట శాంతి కూడా వేరే వేషం వేసుకుని రావాల్సివస్తుంది.

వాఘా దగ్గర కొవ్వొత్తులు వెలిగించినవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. 1990లలో కులదీప్ నయ్యర్ గారు, ఆయన మిత్రులు ఏటా ఆగస్టు 14 అర్ధరాత్రి సరిహద్దు గేటు దగ్గర కొవ్వొత్తులు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. మొదట్లో పిడికెడు మంది. అటువైపు నుంచి కూడా వచ్చేవాళ్లు, అనుమతి దొరికిన ఏళ్లలో. నయ్యర్ గారు 1923లో సియాల్‌కోట్‌లో పుట్టారు. విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చారు. దేశం కోసం నువ్వేం పోగొట్టుకున్నావని అడిగినవాడికి చూపించడానికి ఆయన దగ్గర గాయం ఉంది. 2018లో పోయేదాకా ఆయన్ని వెటకారం చేసినవాళ్లున్నారు, అయినా ఆ గాయం ఆయనకి ఒక తాయెత్తులా పనిచేసింది. అదే గేటు దగ్గర అదే రాత్రి అదే కొవ్వొత్తితో నల్లగొండ నుంచో గుంటూరు నుంచో వెళ్లిన ముస్లిం నిలబడితే? 'చుట్టాల్ని పలకరించడానికి పోయిండు' అంటారు. పుట్టిన ఊరు సియాల్‌కోట్ అయిన హిందువుకి అటువైపు జ్ఞాపకం ఉండొచ్చు. అటువైపు ఎన్నడూ చూడని తెలుగు ముస్లింకి మాత్రం అటువైపు ఆశ ఉందంటారు. తెలుగు తప్ప ఇంకో భాషలో కలగనడం రాని దూదేకుల సాయిబుకి కూడా!

ఇంత చెప్పాక మావైపు లెక్క కూడా తీయాలి. తీయకపోతే ఈ వ్యాసం వకాల్తానామా అవుతుంది.

మా వీధుల్లో బాగ్దాద్ కోసం నమాజులు జరిగాయి, గాజా కోసం జరుగుతున్నాయి. జరగాలి. కానీ 1980 నుంచి 1988 దాకా ఇరాకూ ఇరానూ ఒకరినొకరు చంపుకుంటూ లక్షలమందిని మట్టిలో కలిపితే ఏ మొహల్లాలో నల్లజెండా ఎగిరింది? 1988 మార్చిలో హలబ్జాలో సద్దాం విషవాయువు పోసి ఒక్కరోజులో వేలమంది కుర్దుల్ని చంపాడు. వాళ్లూ ముస్లింలే. ఆ తర్వాత మూడేళ్లకి గల్ఫ్ యుద్ధంలో అదే సద్దాం బొమ్మలు మా హోటళ్లలో, ఆటోల వెనకా వెలిశాయి. 2015 నుంచి యెమెన్ మీద సౌదీ విమానాలు బాంబులు వేస్తే మనకెందుకన్నట్టు ఊరుకున్నాం. అక్కడ హజ్ ఉంది, జెడ్డాలో మనవాళ్ల ఉద్యోగాలున్నాయి. 1971లో తూర్పు బెంగాల్‌లో జరిగినదాని గురించి మా పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. చంపినవాడు అమెరికావాడో యూదో అయితేనే మా కన్ను తడుస్తుందంటే, ఆ కన్నీటికి చచ్చినవాడి మీద ప్రేమ కంటే చంపినవాడి మీద కోపం ఎక్కువన్నమాట. కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ దాన్ని దుఃఖమని పిలవకూడదు.

మతం ఒప్పుకోదని ఎవరైనా అంటే మతంలోనే జవాబుంది. హదీసుల్లో ఒక సంఘటన చెబుతారు. ఒక జనాజా పోతుంటే ప్రవక్త లేచి నిలబడ్డారు. అది యూదుడి శవం అని పక్కవాళ్లు చెప్పారు. అదీ ఒక ప్రాణమే కదా అన్న అర్థం వచ్చేలా ఆయన ఎదురు అడిగారు. ఈ సంగతి ఎవరు, ఎక్కడ, ఎందుకు గుర్తు చేసుకున్నారన్నది ఇంకా ముఖ్యం. సహ్ల్ ఇబ్న్ హునైఫ్, ఖైస్ ఇబ్న్ సాద్ అనే ఇద్దరు సహచరులు ఇరాకులో ఖాదిసియా దగ్గర కూర్చునుంటే స్థానికులది, ముస్లింలు కానివాళ్లది ఒక శవం పోయింది. వీళ్లు లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారు, వాళ్లు మనవాళ్లు కాదుగా అని అడిగితే ఈ సంగతి చెప్పారు. గెలిచిన నేల మీద, ఓడినవాళ్ల శవానికి గెలిచినవాళ్లు లేచి నిలబడటం! శవానికి లేవడం తప్పనిసరా కాదా, ఆ ఆనవాయితీ తర్వాత ఎత్తివేయబడిందా అని ఫిఖా పండితులు చాలా వాదించుకున్నారు. వాదించుకోనివ్వండి. ఎత్తివేసింది లేవడాన్ని కావచ్చు, అదీ ఒక ప్రాణమే అన్న మాటని ఎత్తివెయ్యలేదు.

అలాగే గాయెబానా నమాజె జనాజా. ఎక్కడో దూరాన చనిపోయినవాడికి, శవం ఎదురుగా లేకుండా చేసే ప్రార్థన. అబిసీనియా రాజు నజాషీ పోయాడని తెలిసి ప్రవక్త మదీనాలో చేశారంటారు. మన దగ్గర ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో దీన్ని ఒప్పుకోరు, అయినా మైదానాల్లో జరుగుతూనే ఉంటుంది. శవం లేకపోయినా వరసగా నిలబడటం, మాటలు తక్కువ, రుకూ సజ్దాలు లేవు, నిలబడే ముగుస్తుంది. శాంతి కోసం కూడళ్లలో నిలబడటం క్రైస్తవుల దగ్గర నుంచో తెల్లవాళ్ల దగ్గర నుంచో అరువు తెచ్చుకున్నదని కొవ్వొత్తిని బిద్అత్ కింద కొట్టిపారేసే మౌల్వీ సాబ్‌లు ఈ సంగతి ఆలోచిస్తే బాగుండును.

మౌల్వీలకంటే ముందే తెలంగాణ పల్లె ఆలోచించింది. పీర్ల పండుగ అంటే ఏమిటి? 680లో ఇరాకులో కర్బలా ఎడారిలో నీళ్లు దొరక్క చంపబడినవాళ్ల కోసం, ఆ ఎడారి ఏ దిక్కున ఉందో తెలియని గొల్లలు, మాదిగలు, దూదేకులవాళ్లు, కాపులు రాత్రంతా అలావా చుట్టూ తిరుగుతూ అస్సోయ్ దూలా అని గొంతు కలపడం. మా నానీ ఊళ్లో పీరు ఎత్తేవాడు సాకలాయన. ఆయన్ని ఎవరూ నువ్వు ముస్లింవా అని అడగలేదు. నిన్ను చూసి మేం నమ్మాలంటే రుజువు చూపించమనలేదు. 2003లో మొహర్రం పదో రోజు మార్చి 14న వచ్చింది. ఆ తర్వాత ఆరు రోజులకే ఇరాకు మీద బాంబులు పడ్డాయి. మార్చి నెలాఖరుకల్లా అమెరికా సైన్యం కర్బలా దగ్గరుంది, ఏప్రిల్ మొదట్లో ఆ వీధుల్లో పోరాటం జరిగింది. పీర్లు సరిగస్తు అయి మసీదులోకి వెళ్లిన మూడు వారాలకి, ఏ ఊరి పేరు తల్చుకుని ఏడ్చారో ఆ ఊళ్లోకే ట్యాంకులు వచ్చాయని మన పల్లెలకి ఎవరూ చెప్పలేదు. నగరంలో ప్రదర్శనలు చేసిన వామపక్ష మిత్రులకి పీర్ల పండుగ మూఢనమ్మకం. నమాజుల్లో దువా చేసిన మా పెద్దలకి షిర్క్. దుఃఖించడం ఎలాగో తెలిసినవాళ్లని ఇద్దరూ పిలవలేదు.

దీనివల్ల ఏం ఒరుగుతుంది అని అడుగుతారు. 2003 ఫిబ్రవరి 15న ప్రపంచంలో వందల నగరాల్లో జనం ఒకేరోజు రోడ్డెక్కారు. లండన్‌లో పోలీసుల లెక్కే ఏడున్నర లక్షలు. అయిదు వారాలు తిరక్కుండా యుద్ధం వచ్చింది. ఆపలేకపోయారు, నిజమే. కానీ ఆ యుద్ధం ప్రజలందరి ఇష్టంతో జరిగిందని ఇవాళ ఏ చరిత్రకారుడూ రాయలేడు. అరబ్బీలో షహీద్ అన్న మాటకి సాక్షి అన్నదే మూలార్థం. సాక్షి హత్యని ఆపలేకపోవచ్చు. హంతకుడు కోర్టులో చెప్పబోయే అబద్ధానికి మాత్రం అడ్డుపడతాడు.

గాజా గురించి మాట్లాడితే 'మన దేశంలో సమస్యలు లేవా' అంటున్నారు. 2025 జులైలో బొంబాయి హైకోర్టు కూడా, ఆజాద్ మైదానంలో గాజా కోసం సభ పెట్టుకుంటామన్న ఒక కమ్యూనిస్టు పార్టీ పిటిషన్‌ని కొట్టేస్తూ దాదాపు ఇదే మాటంది, మన దేశం సంగతి చూసుకోమంది. దేశం సంగతి చూసుకుందామనే అనుకుందాం. అదే 2025లో, 2023 అక్టోబరు 7న తమవాళ్లు పన్నెండువందల మంది దాకా చచ్చిపోయిన దుఃఖం ఆరని టెల్ అవీవ్‌లో, గాజాలో చనిపోయిన పసిపిల్లల ఫొటోలు ఛాతీకి ఆనించుకుని ఇజ్రాయెలీలు వీధిలో మౌనంగా నిలబడ్డారు. వాళ్లు దేశం సంగతే చూసుకుంటున్నారు. పహల్గాంలో పెళ్లయిన వారానికే భర్తని పోగొట్టుకున్న ఒకమ్మాయి, ముస్లింల మీదా కాశ్మీరీల మీదా పగబట్టకండి, మాకు శాంతి కావాలి, న్యాయం కావాలి అంది. ఆమె కూడా దేశం సంగతే మాట్లాడింది. ఆమెని తిట్టిన తిట్లు జెరూసలెం స్త్రీలు తిన్న తిట్లే, భాష మారిందంతే. ఆమె మా కోసం నిలబడింది. ఆమె కోసం మాలో ఎంతమంది నిలబడ్డారో నాకు తెలిసినంతలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. భయం వల్లే కావచ్చు. భయానికి కారణాలు పైనే చెప్పాను.

సొంత ఇంటి సంగతి ఇంకొకటి ఉంది. 1948 ఆగస్టు 27న వరంగల్ వైపు బైరాన్‌పల్లి అనే ఊరి మీద రజాకార్లు, నిజాం పోలీసులు పడి, ఎదిరించిన ఊరి జనాన్ని వరసబెట్టి కాల్చారు. చచ్చిపోయినవాళ్లు పేద రైతులు, కూలీలు. తర్వాత మూడు వారాలకి, సెప్టెంబరు 13 నుంచి 17 దాకా, భారత సైన్యం వచ్చింది. దాన్ని పోలీసు చర్య అన్నారు. ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లిం పల్లెల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే పండిత సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చచ్చిపోయి ఉంటారని వాళ్లు రాసిచ్చారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాల్లో ఉండిపోయింది. చచ్చినవాళ్లలో ఎక్కువమందికి రజాకార్లతో ఏ సంబంధమూ లేదు, ఇంట్లో మగవాడైతే చాలు.

ఏటా సెప్టెంబరు 17 వస్తుంది. విమోచన అంటారొకరు, విలీనం అంటారొకరు. 2022 నుంచి ఢిల్లీవాళ్లు ఒకచోట విమోచన దినం జరిపితే, ఇక్కడి ప్రభుత్వం ఒకప్పుడు సమైక్యతా దినమంది, 2024 నుంచి ప్రజాపాలన దినమంటోంది. జెండాలెగురుతాయి, తుపాకులు పేలుస్తారు, ఉపన్యాసాలుంటాయి. మావాళ్లు ఆ రోజు తలుపులు దగ్గరికేసుకుని కూర్చుంటారు. బైరాన్‌పల్లి పేరు ఒక పార్టీ చేతిలో కర్ర, సుందర్‌లాల్ నివేదిక ఇంకో పార్టీ చేతిలో కర్ర. ఈ రెండు చోట్ల చచ్చినవాళ్లలో ఏ ఒక్కడికీ అవతలివాడి నుంచి ఇన్నేళ్లలో ఒక్క నిమిషం మౌనం దొరకలేదు.

రజాకార్లకి మా తాతలు ఓటెయ్యలేదు. వాళ్లు దొంగిలించిన పేరే మాది. అయినా ఇక్కడ నా లెక్క పహల్గాం లెక్క కాదు. నిజాం రాజ్యం మాదేనని, మేమే పాలకులమని చెప్పుకున్న తరం ఒకటి మా ఇళ్లలో ఉండేది, ఆ అతిశయం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో గోడమీద ఫొటో అయి వేలాడుతోంది. కాబట్టి బైరాన్‌పల్లి బురుజు కింద ముస్లింలు నిలబడాలంటాను, ఎవరూ అడక్కముందే, ఏ కెమెరా లేకుండా. తెలుగు హిందువులు బీదర్‌లో నిలబడతారా అన్నది దానికి షరతు కాదు. షరతు పెట్టుకుంటే అది మళ్లీ ఇచ్చిపుచ్చుకోవడమే అవుతుంది. మా మిత్రులు కొందరికి ఈ మాట రుచించదు. ముందు వాళ్లని రమ్మను అంటున్నారు. బెల్‌గ్రేడ్ స్త్రీలు అలా అనుకునుంటే, సెర్బుల్ని చంపిన క్రొయేషియావాళ్లు, బోస్నియావాళ్లు ముందు వాళ్ల కూడళ్లలో నిలబడాలని అనుకునుంటే, రిపబ్లిక్ కూడలి ఇవాళ్టికీ ఖాళీగా ఉండేది.

ఆడవాళ్లని పిలుద్దాం అంటే ఇంకో తంటా. బురఖా ఆడవాళ్లని ఎందుకు ఎండలో నిలబెట్టడం అన్నారొకరు. నల్లబట్టలు కట్టుకుని నిలబడే పనికి మన ఆడవాళ్లకంటే సిద్ధంగా ఉన్నవాళ్లెవరని అడిగాను. జెరూసలెంలో, బెల్‌గ్రేడ్‌లో నలుపు కడితే దుఃఖమని అందరికీ అర్థమైంది. మా అమ్మీ జీవితమంతా నలుపే తొడుక్కుని బజారుకి పోయింది, ఆమెకి దేన్నిగురించైనా దుఃఖం ఉందేమోనని ఎవరూ అనుకోలేదు.

సెప్టెంబరులో వెళ్దామని ప్రస్తుతానికి పదకొండుమంది ఒప్పుకున్నారు. అందులో నలుగురు ఆడవాళ్లు. ఒకాయన టోపీ పెట్టుకుని రావాలా వద్దా అని అడిగాడు. రోజూ పెట్టుకుంటావా అంటే పెట్టుకుంటానన్నాడు. అయితే పెట్టుకునే రమ్మన్నాం. బోర్డు మీద ఏం రాయాలన్నది ఇంకా తేలలేదు. ఏమీ రాయొద్దని కొందరు, ఎవరు నిలబడ్డారో తెలియాలి కాబట్టి పేర్లు రాయాలని కొందరు. మధ్యాహ్నం ఎండగా ఉంటుంది, నీళ్లు తీసుకెళ్లాలి.